ఎడ్విన్ డ్రూడ్: విప్పని ముడులు. ఏది డికెన్స్ వేసింది, ఏది మనం వేసుకున్నది? (చర్చ. ప్రతి నంబరు పక్కన ఉన్నది రాసినవాళ్ల కలంపేరు.)

1. కాగడా

డికెన్స్ 1870 జూన్ 9న పోయేనాటికి 'ద మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' సగమే అయింది. నెలకొకటి చొప్పున 12 భాగాలు అనుకున్న నవల. ఆయన ఉండగా 3 అచ్చయ్యాయి, రాసిపెట్టిన మరో 3 ఆ సెప్టెంబరు దాకా వచ్చాయి. ఆరో భాగానికి రెండు పేజీలు తక్కువ పడ్డాయి కూడా. మొత్తం 23 అధ్యాయాలు. ఆ తరవాత 'సశేషం' అని వేసుకునే దిక్కు కూడా లేదు.

కథ మరిచిపోయినవాళ్లకి నాలుగు ముక్కల్లో. క్లోయిస్టర్‌హామ్ అనే చర్చి ఊరు (రాచెస్టరే, పేరు మార్చాడు). అక్కడి కెథడ్రల్‌లో పాటల గురువు జాన్ జాస్పర్, చాటుగా నల్లమందు తాగుతాడు. మేనల్లుడు ఎడ్విన్‌కి రోజా బడ్ అనే అమ్మాయితో చిన్నప్పుడే పెద్దలు మాట ఇచ్చిపుచ్చుకున్నారు. జాస్పర్‌కి ఆ అమ్మాయి మీద పిచ్చి. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఎడ్విన్ మాయమవుతాడు. నింద సిలోన్ నుంచి వచ్చిన నెవిల్ ల్యాండ్‌లెస్ మీద పడుతుంది. ఆరు నెలలకి డాచెరీ అనే తెల్లజుట్టు మనిషి ఊళ్లో దిగి జాస్పర్ మీద కన్నేస్తాడు.

ఎడ్విన్ చచ్చాడా, చస్తే శవం ఎక్కడ, డాచెరీ ఎవరు, జాస్పర్‌కి నల్లమందు అమ్మే ముసలమ్మకి అతని మీద అంత కక్ష దేనికి, సమాధుల మేస్త్రీ డర్డల్స్ విన్న కేక ఏమిటి? ఒక్కొక్కటీ పడదాం. ఒకటే షరతు: అధ్యాయం నంబరు చెప్పి మాట్లాడాలి. 'నాకలా అనిపిస్తోంది' లెక్కలోకి రాదు.

2. పాతప్రతి

ముందు సాక్ష్యాలకి తరగతులు కట్టుకోకపోతే ఈ పుస్తకం గురించి ఎంత మాట్లాడినా గానుగెద్దు నడకే.

మొదటి తరగతి, అచ్చయిన 23 అధ్యాయాలు. రెండోది, ప్రతి భాగానికీ డికెన్స్ తన కోసం రాసుకున్న పథకం కాగితాలు. అవి దొరికాయి. మొదటి భాగం కాగితంలో 'హత్య ఇంకా చాలా దూరం' అన్న అర్థంలో ఒక ముక్క ఉంది. 12వ అధ్యాయం దగ్గర 'హత్య జరిగిన తీరుకి ఇక్కడ నేల సిద్ధం చెయ్యాలి, అది చివర్లో బయటపడుతుంది' అని ఉంది. ఎవరికో చెప్పిన మాట కాదిది, తనకి తాను రాసుకున్నది. అందులో 'హత్య' అనే పదమే వాడాడు.

మూడో తరగతి, ఆయన నోట విన్నామని చెప్పినవాళ్లు: స్నేహితుడు, జీవితచరిత్ర రాసిన ఫోర్‌స్టర్, బొమ్మలేసిన ల్యూక్ ఫిల్డ్స్, పెద్ద కొడుకు చార్లెస్. నాలుగోది, భాగాల మీద అట్టబొమ్మ. అయిదోది, 150 ఏళ్లుగా పుట్టిన సిద్ధాంతాలన్నీ. ఇందులో 1873లో అమెరికాలో డికెన్స్ ఆత్మే వచ్చి చెప్పించిందంటూ టి.పి. జేమ్స్ అచ్చేసిన 'మిగతా సగం' కూడా వస్తుంది. ఆత్మకి అధ్యాయం నంబరు అడగలేం కాబట్టి దాన్ని వదిలేద్దాం.

కింది తరగతి సాక్ష్యం పై తరగతిని కొట్టెయ్యలేదు. ఈ ఒక్క నియమంతో సగం గొడవలు వాటంతటవే పోతాయి.

3. ముడివిప్పు

నియమం బాగానే ఉంది మాస్టారూ, కానీ మీ రెండో తరగతిలోనే ఇంకో కాగితం ఉంది, దాన్ని దాటేశారు. 1869 ఆగస్టులో రాసుకున్న పేర్ల జాబితా. అందులో 'అజ్ఞాతంలో ఎడ్విన్ డ్రూడ్', 'చచ్చాడా? బతికున్నాడా?' అనే అర్థం వచ్చే పేర్లున్నాయి. చచ్చాడని తేలిపోయిన కథకి అలాంటి పేరు ఎవరన్నా ఆలోచిస్తారా?

అట్టబొమ్మ కింది భాగం చూడండి. చీకటి గది తలుపు తోసి ఒకడు లాంతరు ఎత్తుతాడు, ఎదురుగా ఒక కుర్రాడు నిటారుగా నిలబడి ఉంటాడు. అది శవం నిలబడే తీరు కాదు. రిచర్డ్ ప్రాక్టర్ 1887లో రాసిన పుస్తకమంతా దీని మీదే. ఎడ్విన్ బతికి బయటపడి, చచ్చినవాడిలా ఉంటూ మేనమామని కనిపెట్టి చూస్తుంటాడని.

4. పాతప్రతి

పేర్ల జాబితా నవల మొదలెట్టకముందుది. పైగా అవి పాఠకుణ్ణి ఊగించడానికి పెట్టే పేర్లు. రచయితకి జవాబు తెలియదని వాటిని బట్టి అనుకోకూడదు. వారపత్రిక సీరియల్‌కి పేరు పెట్టిన ఎవర్నడిగినా ఇదే చెబుతారు.

అట్టబొమ్మ గీసింది డికెన్స్ అల్లుడు చార్లెస్ కాలిన్స్. ఆరోగ్యం బాగోక తప్పుకున్నాడు, లోపలి బొమ్మలు ఫిల్డ్స్‌కి వచ్చాయి. అంటే అట్టబొమ్మ కథ మొదట్లోది. ఆ కుర్రాణ్ణి ఎడ్విన్ అన్నా ఒప్పుతుంది, జాస్పర్ కళ్లకి కనబడిన భ్రమ అన్నా ఒప్పుతుంది, ఎడ్విన్ వేషంలో ఇంకొకరన్నా ఒప్పుతుంది. మూడు అర్థాలకీ సరిపోయే బొమ్మ ఒక్క అర్థాన్నీ రుజువు చెయ్యదు.

ఫిల్డ్స్ సంగతి వేరు. 14వ అధ్యాయంలో ఆ రాత్రి జాస్పర్ మెడలో నల్లటి, గట్టి నేత పట్టుగుడ్డ వేలాడుతుంటుంది. అంతకుముందు మామూలు చిన్న టై కట్టేవాడు. ఇప్పుడు మెడకి రెండు చుట్లు వచ్చేంత పొడుగు గుడ్డ ఎందుకని ఫిల్డ్స్ అడిగాడు. కాసేపు తటపటాయించి, రహస్యం దాచగలవా అని అడిగి, 'రెండు చుట్లు ఉండాల్సిందే, జాస్పర్ ఎడ్విన్‌ని దాంతోనే ఉరిబిగిస్తాడు' అన్నాడట డికెన్స్. ఫిల్డ్స్ దీన్ని 1905లో పత్రికకి ఉత్తరంగా రాశాడు. ఎడ్విన్ చనిపోయాడనే నాన్న చెప్పాడని కొడుకు చార్లెస్ మాట. వేర్వేరు మనుషులు, వేర్వేరు సందర్భాలు, ఒకటే జవాబు.

5. సున్నపుబట్టీ

హత్య తీరు గురించి మాట్లాడుతూ సున్నం సంగతి ఎవరూ ఎత్తలేదేం? 12వ అధ్యాయంలో సమాధులు కట్టే మేస్త్రీ డర్డల్స్, జాస్పర్‌తో రాత్రిపూట తిరుగుతూ పెరటి గేటు దగ్గర ఒక గుట్ట చూపించి జాగ్రత్త అంటాడు. నీళ్లు పొయ్యని సున్నం. చెప్పుల్ని తినేస్తుంది, కాస్త కలియబెడితే ఎముకల్నీ తినేస్తుంది అంటాడు. జాస్పర్ చెవిలో ఆ మాట పడాలనే ఆ గుట్ట అక్కడ ఉంది.

నిజంగా ఏమవుతుందంటే, కాల్చిన సున్నపురాయి నీళ్లు తాగి ఉడుకుతుంది. గోడలకి వెల్ల వేసేటప్పుడు తొట్టిలో కుతకుతలాడేది అదే. 56 కిలోలకి 18 కిలోల నీళ్లు పడతాయి, 74 కిలోల తడిసున్నం అవుతుంది. శవం మీద పోస్తే ఒంట్లో నీళ్లే లాక్కుంటుంది, పైన బెల్లు కడుతుంది. ఆ క్షారానికి కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకవు. పందుల కళేబరాల్ని సున్నంతో పాతిపెట్టి తవ్వి చూసిన ప్రయోగాల్లో కుళ్లడం నెమ్మదించింది తప్ప కళేబరం మాయం కాలేదు. ఎముక సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని కరిగించేది ఆమ్లం, సున్నం కాదు. వెంట్రుకలు మాత్రం వదులవుతాయి, తోళ్లు ఊనేవాళ్లు సున్నపు నీళ్లలో నానబెట్టేది అందుకే.

అంటే డర్డల్స్ చెప్పింది తప్పు. ఆ రోజుల్లో అందరూ నమ్మిన తప్పు, డికెన్స్ కూడా నమ్మాడనే అనుకోవాలి. కథలో సున్నం శవాన్ని తినేస్తుంది. అక్కడ మనం కెమిస్ట్రీ తెచ్చి 'కాబట్టి శవం దొరుకుతుంది' అని వాదిస్తే అది కథ బయటి వాదన. ఇదొక సాధారణ పొరపాటు, చాలా వ్యాసాల్లో కనబడుతుంది.

ఇంకోటి, పరిమాణం. పడుకోబెట్టిన మనిషి మీద అర అడుగు మందాన కప్పాలంటే 180 × 50 × 15 సెంటీమీటర్లు, 135 లీటర్లు. తక్కువలో తక్కువ 100 కిలోల పైమాట. ఇరవై కిలోల బుట్టతో అయిదారు నడకలు. ఒక్క రాత్రి చంపడం, మొయ్యడం, కప్పడం, తాళం వెయ్యడం అన్నీ అయ్యే పని కాదు. 12వ అధ్యాయంలో జాస్పర్ తెచ్చిన సీసాలో మందు తాగి డర్డల్స్ సమాధుల గదిలో పడి నిద్రపోతాడు. కలలో ఏదో చేతికి తగిలి, చేతిలోంచి ఏదో జారి గలగల్లాడినట్టు, అడుగుల చప్పుడు దూరమైనట్టు, చాలాసేపు ఒంటరిగా ఉన్నట్టు అనిపిస్తుంది. లేచేసరికి రెండు గంటలు కొడుతుంది. జారింది తాళంచెవి. ఆ 'చాలాసేపు' జాస్పర్ ఏం చేశాడో పుస్తకం చెప్పదు. సున్నం ముందే చేరేశాడన్నది నా లెక్క. లెక్క మాత్రమే.

6. దేవిడి

ఒక డౌటున్నది. ఎడ్విన్ ఒంటి మీది గడియారం, గొలుసు, చొక్కా పిన్ను జాస్పర్ తీసేసిండు గదా, అవి తరవాత నీళ్లల్ల దొరికినయి. మరి ఉంగరం ఎందుకు తియ్యలే? జేబుల చూడకుండ ఉంటడా?

7. కాగడా

మొత్తం పుస్తకంలో అన్నిటికన్నా గట్టిగా కట్టిన ముడి అదేనండి. అధ్యాయాల వరస చూడండి.

11లో రోజా సంరక్షకుడు గ్రూజియస్ ఎడ్విన్‌కి ఒక ఉంగరం ఇస్తాడు. వజ్రాలు, కెంపులు గులాబీ ఆకారంలో బంగారంలో పొదిగింది, నీళ్లలో పడి చనిపోయిన రోజా తల్లి వేలి నుంచి తీసింది. పెళ్లి ఖాయమైతే రోజాకి తొడుగు, లేకపోతే నాకు తిరిగివ్వు అంటాడు. గుమాస్తా బజార్డ్‌ని సాక్షిగా నిలబెడతాడు. 13లో ఎడ్విన్, రోజా ఇద్దరూ కూచుని పెళ్లి వద్దనుకుంటారు. ఎడ్విన్ ఉంగరం సంగతి ఎత్తకుండా జేబులో ఉంచేసుకుంటాడు. ఆ చిన్న నిర్ణయంతో భూమ్యాకాశాల్ని పట్టి లాగే గొలుసు ఒకటి తయారైందని రచయితే తన నోటితో అంటాడు.

14లో నగల కొట్టువాడు ఎడ్విన్‌కి ఉంగరం అమ్మబోతే నాకొద్దు అంటాడు. అప్పుడు కొట్టువాడు మాటల్లో అంటాడు: మీ ఒంటి మీద గడియారం, గొలుసు, చొక్కా పిన్ను తప్ప ఇంకేం ఉండవని జాస్పర్ చెప్పాడు, ఆయనకి లిస్టంతా కంఠతా అని. బంగారం సున్నంలో చెక్కుచెదరదు కాబట్టి జాస్పర్ ముందే జాబితా కట్టుకున్నాడు. ఆ మూడూ తీశాక 'అయిపోయింది' అనుకున్నాడు. జేబులు వెతకాల్సిన అవసరం అతని లెక్కలో లేదు.

15లో గ్రూజియస్ వచ్చి, పెళ్లి ముందే రద్దయింది అని జాస్పర్‌తో చెబుతాడు. జాస్పర్ కేకపెట్టి కుప్పకూలతాడు. చివరికి నేల మీద మనిషి కాదు, చిరిగి బురదైన బట్టల కుప్ప మిగిలినట్టు రాస్తాడు. చంపిన పని దండగైపోయింది.

ఫోర్‌స్టర్ చెప్పిన పథకం దీనికి అచ్చంగా సరిపోతుంది. మేనల్లుణ్ణి మేనమామ చంపుతాడు, చంపాల్సిన పనే లేదని వెంటనే తెలుస్తుంది, సున్నం తినలేని బంగారు ఉంగరం వల్ల శవం ఎవరిదో, ఎక్కడుందో, చంపిందెవరో చివర్లో తేలుతుంది.

(ఇంగ్లీషులో అంకుల్ అని ఊరుకున్నారు గానీ, ఇంటిపేర్లు వేరు, జాస్పర్‌కి పెళ్లి కాలేదు. కనక మనకి మేనమామే అవుతాడు.)

8. గంటలగోపురం

గడియారం దగ్గర ఇంకో చిక్కుంది, చాలామంది దాటేస్తారు. నగల కొట్టువాడు దానికి 24వ తేదీ మధ్యాహ్నం 2:20కి కీ ఇచ్చాడు. 16లో కెథడ్రల్ పాదిరీ క్రిస్పార్కిల్ దాన్ని నది ఆనకట్ట దగ్గర పట్టుకున్నాక కొట్టువాడి వాంగ్మూలం: నీళ్లలో పడకముందే కీ అయిపోయి ఆగింది, మళ్లీ ఎవరూ కీ ఇవ్వలేదు.

కీ గడియారాలు ఒక రోజూ, ఇంకో అయిదారు గంటలూ నడుస్తాయి. అంటే 25వ తేదీ సాయంత్రం దాటేదాకా అది పొడి చోట ఎవరి దగ్గరో ఉంది. ఎడ్విన్ రాత్రి నదిలో పడి కొట్టుకుపోయాడన్న కథ దీంతో కూలిపోతుంది. పడి ఉంటే గడియారం నడుస్తూనే నీళ్లలో పడాలి. 'దారిదోపిడీ' కథా కూలుతుంది, దొంగ బంగారాన్ని నీళ్లలో పారెయ్యడు.

దొరికిన చోటు కూడా లెక్క ప్రకారమే. ఎడ్విన్, నెవిల్ ఆ రాత్రి గాలివాన చూడ్డానికి వెళ్లిన చోటికి రెండు మైళ్ల ఎగువన ఉందా ఆనకట్ట. వస్తువు ప్రవాహానికి ఎదురు వెళ్లదు. ఎవరో చేత్తో తెచ్చి వెయ్యాలి. నేరం నెవిల్ మీదికి తొయ్యడానికి వేసిన ఎత్తు, కానీ తొందరలో కీ సంగతి మరిచాడు.

ఆ గాలికి కెథడ్రల్ గడియారం ముళ్లే ఊడిపోయాయి. ఊరి గడియారం టైము చెప్పలేని రాత్రికి జేబు గడియారం సాక్షి.

9. ముడివిప్పు

సరే, చచ్చాడనే అనుకుందాం. శవం ఎక్కడ? గోపురం మీంచి తోశాడా, సమాధిలో పెట్టాడా? 23లో నల్లమందు మత్తులో జాస్పర్ 'కిందికి చూడు, అడుగున ఏముందో చూశావా' అంటాడు. అది ఎత్తు మీంచి చూసేవాడి మాట. సమాధి వాదానికి ఇది అడ్డం.

10. గంటలగోపురం

ఎత్తు మీంచి చూడ్డం సరే, తొయ్యడం అని ఎక్కడుంది? 12లో గోపురం ఎక్కి కిందికి చూస్తాడు, ఆ చూపు మత్తులో మళ్లీ వస్తుంది. తోస్తే శవం రాతి మీద పడుతుంది, రక్తం, చప్పుడు. అప్పుడు పట్టుగుడ్డ దేనికి? మెట్ల దగ్గరో పైనో ఉరిబిగించి కిందికి చేర్చాడంటే రెండూ ఇముడుతాయి. అదే మత్తులో 'పెనుగులాట లేదు, ప్రాధేయపడటం లేదు' అని కూడా అంటాడు. అది వెనక నుంచి బిగించిన ఉరి లక్షణం.

సమాధికి ఆధారం 4, 5 అధ్యాయాల్లో ఉంది. మేయరు శాప్‌సీ భార్య సమాధి తాళంచెవి డర్డల్స్‌కి ఇస్తున్నప్పుడు జాస్పర్ అతని దగ్గరున్న మూడు తాళంచెవుల్నీ చేతిలో తూచి ఒకదానికొకటి తగిలించి గలగల్లాడిస్తాడు. చూడ్డానికి ఊసుపోక చేసిన పని. చీకట్లో ఏ చెవి ఏదో శబ్దంతో పోల్చుకోవడానికి పాటల గురువు చెవి చాలు.

5లో డర్డల్స్ విద్య ఉంది. గోడ మీద సుత్తితో తడతాడు: గట్టి. మళ్లీ తడతాడు: డొల్ల. డొల్లలో గట్టి, ఆ గట్టిలో మళ్లీ డొల్ల. అంటే నేలకింది సమాధి గదిలో రాతి శవపేటిక, అందులో మనిషి పొడైపోయాడు. తరవాత లెక్క: సుత్తిని గోడ అనుకో, గోడకి ఆరడుగుల లోపల శాప్‌సీ భార్య అనుకో. తడితే 'మధ్యలో ఇంకేదో ఉంది' అని తెలుస్తుంది. చూస్తే మనవాళ్లు వదిలేసిన రాళ్లూ రప్పలూ. ఈ ఉదాహరణకి ఊళ్లో ఇన్ని సమాధులుండగా ఆ ఒక్క పేరే ఎందుకు ఎంచుకున్నాడు? అదీ తాళంచెవి జాస్పర్ చేతిలో పడ్డ మర్నాడో మరునిమిషమో కాదు, అదే రాత్రి. మిగిలిన సగంలో డర్డల్స్ ఆ గోడ మీద సుత్తి వేసే సీను ఒకటి ఉండి తీరాలి.

11. పాతప్రతి

ఇక డాచెరీ. అసలు తగువంతా ఇక్కడే.

18వ అధ్యాయం. పెద్ద తల, గుబురు తెల్లజుట్టు, నల్ల కనుబొమలు. టోపీ చంకలో పెట్టుకుని తిరుగుతాడు, టోపీ ఉండాల్సిన చోట తల తడుముకుంటాడు. హోటల్లో పేరు చెప్పడానికి మేకుకి తగిలించిన టోపీ తియ్యమని వెయిటర్‌తో లోపల ఏం రాసుందో చదివిస్తాడు. తన పేరు తానే ఎదుటివాడి చేత చెప్పించే మనిషికి అది నిన్నమొన్న పెట్టుకున్న పేరై ఉండాలి. విగ్గు, మారువేషం అన్నది దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి. ఈ అధ్యాయం మరీ తొందరపడి వచ్చేసిందేమోనని డికెన్స్ బెంగపడ్డాడని ఫోర్‌స్టర్ రాశాడు. అక్కడ డాచెరీ 'వేషం కట్టడం' అనే అర్థం వచ్చే మాటే వాడాడు.

ఇప్పుడు అభ్యర్థులు. నెవిల్ కవల సోదరి హెలెనా అని 1905లో కమింగ్ వాల్టర్స్ వాదించాడు. బలం: 7లో నెవిల్ చెబుతాడు, చిన్నప్పుడు నాలుగుసార్లు ఇంట్లోంచి పారిపోయారు, ప్రతిసారీ హెలెనా మగపిల్లాడి వేషం కట్టింది, ఏడేళ్లప్పుడు కత్తి దొరక్క జుట్టు పళ్లతో కొరుక్కోబోయింది. ఇంత వివరం ఊరికే ఇవ్వడు. బలహీనత కాలం. 18లో డాచెరీ దిగాడు. 20 నుంచి 22 దాకా రోజా లండన్ పారిపోతే అక్కడ హెలెనా ఉంది. ఒకే మనిషి రెండు ఊళ్లలో ఉండాలంటే 18వ అధ్యాయం నిజానికి 22 తరవాత జరిగిందని లాగాలి. వాల్టర్స్ అదే లాగాడు.

12. ముడివిప్పు

హోటల్లో దిగగానే వేయించిన సోల్ చేప, దూడమాంసం కట్లెట్, పైంటు షెర్రీ చెబుతాడు. హెలెనా ఎంత ధైర్యవంతురాలైనా సాటి మగాళ్ల ముందు గొంతు మార్చి అంత తిని తాగి నెలల తరబడి మేయరుతో కబుర్లాడటం నాకు ఎక్కదు. నా ఓటు బజార్డ్‌కి. 20లో గ్రూజియస్ అంటాడు, బజార్డ్ ప్రస్తుతం డ్యూటీలో లేడు అని. అతను నాటకం రాసినవాడు, వేషం మీద మోజు ఉండే ఉంటుంది. ఉంగరానికి సాక్షి కూడా అతనే. కాలం, కారణం, అనుభవం మూడూ కుదురుతున్నాయి.

13. పాతప్రతి

కుదురుతాయి, అదే అనుమానం. 'డ్యూటీలో లేడు' అని చేతికందించి మరీ చెప్పినవాణ్ణి డికెన్స్ చివరి అధ్యాయంలో ముసుగు తీసి చూపిస్తే ఎవడు ఉలిక్కిపడతాడు? పైగా బజార్డ్ ముభావి, తన గొడవ తప్ప పట్టనివాడు. డాచెరీ కలుపుగోలు మనిషి. వేషంతో జుట్టు మారుతుంది, స్వభావం మారదు.

ఎడ్విన్‌ అయ్యే అవకాశం లేదు. పెంచిన మేనమామ ఎదురుగా నిలబడి విగ్గుతో మోసం చెయ్యడం కుదరని పని. నెవిల్ పొరుగువాడు, మాజీ నౌకాదళం మనిషి టార్టర్, గ్రూజియస్, అసలు మనకి పరిచయమే లేని కొత్త మనిషి, అందరికీ వకీళ్లున్నారు. నా మటుకు ఈ ముడి మూడో తరగతి సాక్ష్యం కూడా లేని ముడి. ఫోర్‌స్టర్ ఉంగరం గురించి చెప్పాడు, డాచెరీ ఎవరో చెప్పలేదు. రోజాకి టార్టర్‌తో, హెలెనాకి క్రిస్పార్కిల్‌తో పెళ్లి అన్నాడు, నెవిల్ హంతకుణ్ణి పట్టుకోవడంలో పోతాడనుకుంటా అన్నాడు. డాచెరీ దగ్గర మాట్లాడలేదు. చూడగలిగేదల్లా ఒక్క చోటే ఉంది, 23లో.

ముసలమ్మ డాచెరీని మూడు షిల్లింగుల ఆరు పెన్నీలు అడుగుతుంది. 14లో ఎడ్విన్‌ని అడిగింది కూడా సరిగ్గా అంతే. డాచెరీ చిల్లర లెక్కపెడుతుంటే, పోయిన క్రిస్మస్‌కి ముందురోజు ఒక అబ్బాయి ఇంతే ఇచ్చాడు, పేరు ఎడ్విన్ అంటుంది. డాచెరీ చేతిలో డబ్బు జారి కింద పడుతుంది. వంగి ఏరుకుని లేచేసరికి మొహం ఎర్రబడుతుంది. ఎడ్విన్ పేరు వింటే చెయ్యి వణికే మనిషి డబ్బు కోసం పెట్టుకున్న డిటెక్టివ్ కాదు. ఇక్కడిదాకా చెప్పగలను, ఇంతకు మించి చెబితే అయిదో తరగతి.

14. దేవిడి

థగ్గుల సంగతి ఎవ్వరు ఎత్తలే. 1930ల హోవర్డ్ డఫీల్డ్ అని ఒకాయన, జాస్పర్ థగ్గు పద్ధతిల చంపిండని రాసిండు: గుడ్డతోని ఉరి, ప్రయాణమని పిలుచుడు, తోటి ప్రయాణికుడనుడు, ముందే పూడ్చే జాగ చూసుకునుడు. 23ల జాస్పర్ మత్తుల 'ప్రయాణం', 'తోటి ప్రయాణికుడు' అనే అంటడు. ఇంగ్లండుల థగ్గుల గురించి అందరికి తెలిసేటట్టు చేసిన నవల 1839ల వచ్చింది, రాసిన మెడోస్ టేలర్ మన హైదరాబాదు నిజాం కొలువుల పనిచేసినాయనే. డికెన్స్ కాలం పాఠకులకు ఆ గుడ్డ కొత్తది కాదు.

15. పాతప్రతి

నిజాం కొలువు సంగతి నిజమే, పోలికలూ బాగున్నాయి. విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1941లో దీన్ని ఎత్తుకోవడంతో మరీ పేరొచ్చింది. అయితే థగ్గు అనే మాట పథకం కాగితాల్లో లేదు, ఫోర్‌స్టర్ దగ్గర లేదు, జాస్పర్ ఇండియా వెళ్లినట్టు పుస్తకంలో లేదు. ఆ గుడ్డని డికెన్స్ ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో చెప్పడానికి పనికొస్తుంది, జాస్పర్ కాళీభక్తుడనడానికి చాలదు.

16. ముడివిప్పు

ముసలమ్మ కక్ష? కెథడ్రల్‌లో స్తంభం చాటు నుంచి పాడుతున్న జాస్పర్ మీదికి రెండు పిడికిళ్లూ ఊపుతుంది. అతను ఎవరో తెలుసా అని డాచెరీ అడిగితే, ఈ పాదిరీలందరికన్నా నాకే బాగా తెలుసు అంటుంది. కూతుర్ని చెడగొట్టాడు, ఆమే అతని తల్లి అంటూ కథలల్లినవాళ్లున్నారు.

17. కాగడా

ఆ కథలకి ఒక్క వాక్యం ఆధారం లేదు. పుస్తకంలో ఉన్నది: అతని మత్తు మాటలు వినాలని ఆమె ఎప్పట్నించో మందు పాళ్లు మార్చి చూస్తోంది. ఒకసారి జాడ తెలియక వదిలేసింది, ఈసారి వెంటపడి ఊరిదాకా వచ్చింది. బెదిరించి డబ్బు గుంజడానికైనా ఇది చాలు. కానీ పిడికిలి ఊపేది డబ్బు కోసం కాదు, నిజమే. ఇది డికెన్స్ వేసిన ముడే, విప్పే కొస మాత్రం మన దగ్గర లేదు.

డర్డల్స్ కేక ఇంకా చిత్రం. 12లో అతను చెప్పేది పోయిన ఏడాది క్రిస్మస్ ముందురోజు రాత్రి సంగతి: పెద్ద కేక, వెనకే కుక్క ఏడుపు. హత్యకి సరిగ్గా ఏడాది ముందు! ఎడ్విన్ కేక కాదు. జాస్పర్‌కి అది వినగానే కోపం వస్తుంది. ముందుగా వినబడిన హత్య కేక అని, దెయ్యం కథ అని చెప్పుకోవచ్చు. తరవాత పేలాల్సిందేనని రష్యన్ రచయిత చెహోవ్ చెప్పిన గోడ మీది తుపాకీలా తగిలించాడా, క్రిస్మస్ రాత్రి చలి పుట్టించడానికి రాశాడా అన్నది తేలదు.

18. సున్నపుబట్టీ

అయితే అసలు రహస్యమేంటి మరి? మొదటి పేజీ నుంచీ జాస్పరే హంతకుడని తెలుస్తూనే ఉంటే 'చెబితే ఆసక్తి పోతుంది' అని ఫోర్‌స్టర్‌కి ఉత్తరం ఎందుకు రాశాడు?

19. కాగడా

మంచి ప్రశ్న. 1869 ఆగస్టు ఉత్తరంలో 'కొత్త ఆలోచన, బయటికి చెప్పలేనిది, రాయడం కష్టం' అన్నాడు. ఎవరు చంపారు అన్నది రాయడానికి కష్టమేం కాదు. ఫోర్‌స్టర్ ప్రకారం కొత్తదనం చివరి అధ్యాయాల్లో ఉంది: ఉరిశిక్ష పడ్డ ఖైదీ గదిలో జాస్పర్ తన కథ తానే చెబుతాడు, కానీ ఎవరో పరాయివాడు చేసినట్టు చెబుతాడు.

3వ అధ్యాయంలో దీనికి విత్తనం ఉంది. మత్తులో గడియారం దాస్తే ఎక్కడ దాచానో గుర్తు రావడానికి మళ్లీ మత్తులోనే ఉండాలి అనే ఉదాహరణ అక్కడ ఇస్తాడు. స్పృహలు రెండు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. మొదటిసారి ఈ వాక్యాన్ని రోజా చదివే స్కూలు టీచరమ్మ మీద హాస్యంగా చదివేసి పేజీ తిప్పేస్తారు. 23కి వచ్చాక గుర్తు చేసుకుని చూడండి. జాస్పర్ ఆ ప్రయాణాన్ని మత్తులో లక్షలసార్లు చేశాడు, నిజంగా చేశాక తీరా మత్తులో చూస్తే ఏదో కొత్తది కనిపించి వణుకుతాడు: 'ఇదెప్పుడూ చూళ్లేదు. ఎంత దీనంగా, అల్పంగా ఉందో చూడు. ఇది నిజమే అయ్యుండాలి.' కలలో శవం ఉండదు, నిజంలో ఉంది. నా దృష్టిలో ఇది పుస్తకంలోకెల్లా భయంకరమైన వాక్యం.

ఇలా చదివితే 'ఎవరు' అన్నది ముడే కాదు. మనం వేసుకున్నది అది. డికెన్స్ వేసింది 'చేసినవాడికి తాను చేశానని ఎంతవరకు తెలుసు' అని.

20. ముడివిప్పు

1914 జనవరి 7న లండన్‌లో ఉత్తుత్తి విచారణ జరిపి జాస్పర్‌ని బోనెక్కించారు గదా, రచయిత చెస్టర్‌టన్ జడ్జీ, నాటకకర్త బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద. షా లేచి, హత్య కాదు, అంతకన్నా తక్కువ నేరం అని తీర్పు చెప్పేశాడు. చెస్టర్‌టన్ తనని తప్ప కోర్టులో ఉన్న అందరికీ జరిమానా వేశాడు. మీ 'రెండు స్పృహల' వాదం వాళ్లకి దొరికి ఉంటే ఆ తీర్పు వెటకారంగా ఉండేది కాదు.

21. గంటలగోపురం

ఒక సవరణ, నేను 10లో తాళంచెవి ఇచ్చిన రాత్రే సుత్తి లెక్క అని రాశాను. 4 చివర్లో చెవి, 5 మొదట్లో ఇంటికి వెళ్తూ సుత్తి. ఒకే రాత్రి, అది సరే. కానీ డర్డల్స్ అక్కడ 'ఆవిడ గోడ ఇంకా మందం, అయినా అనుకో' అంటాడు. అంటే ఆ సమాధికే ఆరడుగుల లెక్క కాదు, అది ఉదాహరణే. నా 'తీరాలి'ని 'ఉండొచ్చు'గా చదువుకోండి.

22. పాతప్రతి

ఇంకోటి, చివరి పేజీ. డాచెరీ బీరువా తలుపు లోపల సుద్దముక్కతో గీతలు గీస్తుంటాడు, పాత సారాకొట్ల ఖాతా పద్ధతి. ఎంత తెలిసిందో గీసినవాడికే తెలియాలి. ముసలమ్మతో మొదటిసారి మాట్లాడిన రాత్రి చూసుకుని, ఇది ఓ మోస్తరు గీతే అని ఒక మాదిరి గీత గీస్తాడు. మర్నాడు పొద్దున ఆమె కెథడ్రల్‌లో పిడికిలి ఊపడం కళ్లారా చూసి, జాస్పర్ తనకి తెలుసని ఆమె నోటే విని ఇంటికొచ్చి, తలుపు పైనుంచి కింది దాకా లావుగా ఒక గీత లాగి, ఫలహారానికి కూర్చుంటాడు. డికెన్స్ రాసింది అక్కడిదాకానే. రాత్రి వందల మాటలు విన్నదానికి ఓ మోస్తరు గీత, పొద్దున ఒక్క పిడికిలికి తలుపంత గీత. ఆ తేడా దేనికో ఎవరన్నా అధ్యాయం నంబరుతో చెప్పగలిగితే డాచెరీ ఎవరో కూడా వాళ్లే చెప్పగలరు.